బట్టీకి పెరుగన్నం పెట్టిన మా వదిన

మా వదిన పోయిందని చెప్పడానికి వచ్చినవాణ్ణి నేను తిట్టాను. కల్హేర్ అంగట్లో ఉల్లిగడ్డల గంప ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా చిన్నాయన కొడుకు సైకిలు పడేసి వచ్చి, "అన్నా, వదిన ఇగ లేదు" అన్నాడు.

"పోరా, నాకే టోపీ పెడ్తవా? పొద్దుగాల నాకు రొట్టె కట్టిచ్చి తోలింది" అన్నాను.

రాని బస్సు వచ్చిందనీ, పుట్టని దూడ పుట్టిందనీ చెప్పి ఈ చుట్టుపక్కల మనుషుల్ని ఉరికించిన చరిత్ర నాది. ఇన్నాళ్ళకు ఒకడు బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. వాడు వంగి నా గంప ఎత్తి నెత్తిన పెట్టుకుని బస్సు దిక్కు నడిచాడు. అప్పుడు తెలిసింది. మజాకు చేసేవాడు ఎదుటివాడి బరువు మొయ్యడు.

రొట్టెలన్నీ కాల్చి, పెనం దించి, గోడకు ఆనుకుని కూర్చుందట. కోడలు చెంబుతో నీళ్ళు తెచ్చేలోపల అయిపోయిందట. మనిషి ఎంత గడబిడగా బతికిందో అంత నిమ్మళంగా పోయింది.

చదివే మీలో చాలామందికి మా వదిన తెలియదు. తెలియడానికి ఆమె సర్పంచి కాదు, పంతులమ్మ కాదు. సభల్లో మాట్లాడిన మనిషీ కాదు; మాట్లాడి ఉంటే ఆ సభలో ఎవరూ మిగిలేవారు కాదనుకోండి. నారాయణఖేడ్‌లో నా నోటికి భయపడేవాళ్ళు ఉన్నారు. నేను భయపడింది ఆమె నోటికి ఒక్కదానికే. ఏడో తరగతిలో బడికి దండం పెట్టిన నేను ఇంత రాస్తున్నానంటే, రాయకపోతే పైనుంచి కూడా తిడుతుందనే.

ఆమె కంగ్టి దిక్కునుంచి మా ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో పిండి కుండలో కప్పను పెట్టాను. కొత్త కోడల్ని ఏడిపించడం మరిది హక్కు. ఆమె అరవలేదు, ఏడవలేదు. మధ్యాహ్నం నా ముందు కంచం పెట్టి, దానిమీద మూత పెట్టి వెళ్ళింది. మూత తీయగానే కప్ప నా మొహం మీదికి ఎగిరింది. "ఏంది మరిదీ, గట్ల జరుగుతవ్? నీ సుట్టమే గదా, ముందుగాల పలకరించు" అంది పొయ్యి దగ్గరినుంచే. మా అమ్మ నవ్వు ఆపుకోలేక పొలమారి దగ్గింది.

మా అన్న అప్పటికే పట్నంలో, చెరువు పక్కనున్న కరెంటు కార్ఖానాలో బట్టీకి బొగ్గు వేసే పనిలో ఉన్నాడు. పండుగలకు వచ్చేవాడు. ఆయన గొంతూ నా గొంతూ ఒకటే. ఆయన వచ్చే రోజు చూసి పొద్దుగూకే వేళ బయట నిలబడి, "ఏమే, తలుపు తియ్" అనేవాణ్ణి. "ఆగుండ్రి, తీస్తున్న" అని లోపలినుంచి మెత్తగా అనేది. తలుపు తీసేటప్పుడు చేతిలో పొరక ఉండేది.

"ఎట్ల గుర్తువడ్తవ్ వదినా?" అని ఒకసారి వీపు రుద్దుకుంటూ అడిగాను.

"మీ అన్న ముందుగాల దగ్గుతడు, అటెంక మాట్లాడుతడు. పని చేసెటోనికి దగ్గొస్తది. నీకెందుకొస్తది?"

తర్వాత అన్న ఆమెను పట్నం తీసుకుపోయాడు. కార్ఖానా గోడవారన రేకుల ఇల్లు. నేను చూడ్డానికి పోతే ఆమె నన్ను వాకిట్లో నిలబెట్టి పొగగొట్టం చూపించేది. "సన్నగ, తెల్లగ వస్తుంది సూడు. మీ అన్న పార పట్టిండన్నట్టు. వేరేటోడు పడితె బర్రె లెక్క నల్లగ వస్తది." అది నిజమో, మొగుడి మీద ప్రేమో నాకు తెలియదు. ఆరేసిన చీరలు మాత్రం ఎవరు పార పట్టినా నల్లగానే అయ్యేవి. "లోకానికంత దీపం పెట్టెటోడు మీ అన్న. మనకేమొ కందిలి" అని ఆ కందిలి గాజు తుడుస్తూ నవ్వేది. రేకుల ఇంటికి కరెంటు ఇవ్వలేదు మరి.

ఎనభైలు వచ్చేసరికి ఆ కార్ఖానా ముసలిదైంది. బొగ్గు ఎక్కువ తింటోంది, కరెంటు తక్కువ ఇస్తోంది అన్నారు. వేరేచోట్ల పెద్దపెద్దవి లేచాయి. ఒకరోజు బొగ్గు వేయడం ఆపమన్నారు, ఆపారు. బట్టీ దానంతటదే చల్లారిపోయింది. అన్న ఇంటికి వచ్చి ఇదే చెబితే వదిన పిండి చేతులతోనే లేచి నిలబడింది.

"ఊకె ఇడిసిపెట్టొచ్చిండ్రా? అంత పెద్ద పొయ్యిని? ఒక్క మెతుకు పెట్టకుంట?"

ఆమె కోపం అర్థం కావాలంటే మా దిక్కు పద్ధతి చెప్పాలి. పాత ఇల్లు విప్పేటప్పుడు మేము ముందు దూలం మీద చెయ్యి వెయ్యం. ఆ ఇంటి ఆడమనిషి పొయ్యి ముందు కూర్చుని పెరుగన్నం ముద్ద పెట్టి, నీళ్ళు చిలకరించి, "ఇన్నేండ్లు వండిపెట్టినవ్, ఇగ సల్లగుండు" అంటుంది. మొదటి రాయి ఆమె చేతితోనే కదలాలి. గడ్డపార ఆ తర్వాతే. అట్లా సాగనంపని పొయ్యి దాని దగ్గర పనిచేసినవాణ్ణి వదలదని మా ముసలమ్మల మాట. వదినకు అది మాట కాదు, నిజం. రోజూ వంట అయ్యాక బూడిద మీద అరచెయ్యి ఆనించి చూస్తేగాని ఆమె పండుకునేది కాదు. మొన్నమొన్న కొడుకు గ్యాసు పొయ్యి తెచ్చాక కూడా, ఆపిన పొయ్యి మీద చెయ్యి పెట్టి కాల్చుకుని, గ్యాసును తిట్టేది.

ఖేడ్‌కు తిరిగొచ్చిన అన్నకు చేతులు ఖాళీ అయ్యాయి. మధ్యాహ్నం కునుకులోంచి దిగ్గున లేచి, "బట్టీ సూసొస్త" అని చెప్పులు వెతుక్కునేవాడు. వదిన వాకిట్లోకి పోయి రెక్క పట్టుకుని తెచ్చేది. "మంచిగనె మండుతుంది. నేను సూసొచ్చిన. పండు" అనేది. దగ్గు మాత్రం మానలేదు. కొన్నేళ్ళకు అన్న పోయాడు. పోయిన రోజు పొద్దున కూడా అడిగింది బట్టీ సంగతే.

దినాలైపోయాక వదిన నాతో అంది: "మీ అన్న ఇంక డ్యూటీ దిగలే, మరిదీ. గా పొయ్యిని సల్లబెట్టినోళ్ళు లేరు. ఎట్ల దిగుతడు?"

"ఆడ కూడా ఓవర్‌టైమేనా వదినా?" అన్నాను. నా మాటకు ఆమె నవ్వకపోవడం అదే మొదలు.

తొంభైలు మొదలైన కొత్తలో ఒక మున్షీ కూలీల కోసం ఖేడ్‌కు వచ్చాడు. పట్నంలో పాత కరెంటు కార్ఖానాను విప్పేస్తున్నారట. మా దిక్కు వాన పడకపోతే ఎటైనా పోవాల్సిందే కాబట్టి నేనూ పేరిచ్చాను. లారీ దగ్గరికి పోయేసరికి వదిన ముల్లె సదురుకుని ముందే ఎక్కి కూర్చుంది.

"ఈ ఈడుకు ఇటుకలు మోస్తవా?"

"ఇటుకలకెవడొస్తుండు? ఇల్లు విప్పుతున్నరు. ఇంటి ఆడమనిషి ఉండొద్దా?"

అక్కడ మగవాళ్ళకు లోపల ఇనుము పని. ఆడవాళ్ళు బయట కూర్చుని ఇటుకలకు అంటిన సున్నం గీకాలి. బట్టీకి ముద్ద పెట్టడానికి లోపలికి పోనిమ్మని వదిన మొదటిరోజే మున్షీని అడిగింది. ఆయన కోస్తా మనిషి, చెడ్డవాడు కాదు. "పైనుంచి ఇనుము పడుతోందమ్మా, ఆడవాళ్ళని పంపితే నా ఉద్యోగం పోతుంది. అయినా అది బాయిలరు. వంటిల్లనుకున్నావా?" అన్నాడు.

"బొగ్గు తిన్నది, నీళ్ళు కాగబెట్టింది. వంటిల్లు గాకపోతె ఏందయ్యా మరి?"

అయినా ఆయన ఒప్పుకోలేదు. ఆమె రోజూ అడిగింది, ఆయన రోజూ తల అడ్డంగా ఊపాడు. చుట్టూ ఉన్న షెడ్లన్నీ నేలకు దిగాయి. చివరికి రేపు బాయిలర్ కోస్తారన్న రోజు వదిన రొట్టె ముట్టలేదు. "కడుపుకు మాటలు తెల్వయి, ముద్దనే తెలుస్తది" అని అందరికీ చెప్పే మనిషి సద్ది గిన్నె పక్కకు నెట్టి కూర్చుంది.

గ్యాస్‌తో ఇనుము కోసే చాచా మా ఖేడ్ మనిషే. నన్ను పక్కకు పిలిచాడు. "బేటా, రేపు పొద్దుగాల నేనే కొయ్యాలె. మీ వదిన మొహం సూస్తె నా చెయ్యి లేస్తలేదు. ఏమన్న చెయ్." గోడ అవతలికి తీసుకుపోయి, బట్టీకి గాలి పంపే లావుపాటి గొట్టం చూపించాడు. బయటి కొస అప్పటికే కోసి ఉంది. "గీడ గుసగుస పెడితె ఆడ బట్టీల గూంజుతది, గుడిగంట లెక్క మోగుతది."

దేవుడు నాకు చదువివ్వలేదు గాని ఇటువంటివి చెప్పకుండానే అర్థమయ్యే బుర్ర ఇచ్చాడు. వదినకు చెప్పాను. పొద్దున చాచా మంట ముట్టించగానే నేను గొట్టంలోంచి "ఆకలైతుంది" అంటాను. ఒక్కసారి, అంతే. మిగతాది నువ్వు చూసుకో అన్నాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"నీ దొంగ బుద్ధికి ఇన్నేండ్లకు ఒక కొలువు దొరికింది" అంది. ఆ తర్వాత రొట్టె తిన్నది.

తెల్లారి అనుకున్నట్టే అయింది. నా మాట ఇనుములో పడి ఏనుగంత అయి బయటికొచ్చిందట. చాచా "యా అల్లా" అని వెనక్కి దూకాడట. నాకంటే పెద్ద నటుడు. సంగతి తెలియని కంగ్టి కూలీలు సుత్తెలు పడేసి గేటు దాకా ఉరికారు. మున్షీ మొహంలో నెత్తురు లేదు. వదిన పెరుగన్నం గిన్నెతో ముందుకొచ్చి, "నేను పెడ్తనయ్యా" అంది. అప్పటికప్పుడు పెరుగన్నం ఎక్కడిదని ఆయన అడగలేదు. భయపడ్డవాడికి గిన్నెలు కనిపించవు. "వెళ్ళమ్మా, వెళ్ళు" అని బూట్లు విప్పి తానూ చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఇదంతా చాచా తర్వాత చెప్పింది.

నా పని అయిపోయింది. లేచి రావాలి. కాని గొట్టంలోంచి బట్టీ తలుపు కిర్రుమనడం వినిపించింది. గాజులు ఇనుముకు తగిలిన చప్పుడు, ఆమె ఊపిరి. నేను చెవి పెట్టి కూర్చున్నాను.

"ఏమయ్యా" అంది వదిన. "సద్ది తిన్నవా?"

ఇది మేము అనుకున్నది కాదు. లోపల ఆమె ఒక్కతే. వినేవాళ్ళు లేరు, నటించాల్సిన పని లేదు. అవతల ఉన్నది నేనని ఆమెకు తెలుసు. నేను గొట్టానికి ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"నిన్నే. తిన్నవా?"

ఎందుకో తెలియదు, ముందు దగ్గాను. తర్వాత "తిన్న" అన్నాను.

లోపల గాజులు ఒకసారి గలగలమన్నాయి. తర్వాత మామూలుగా, వాకిట్లో కూర్చుని చెప్పినట్టు చెప్పసాగింది. బిడ్డ అత్తగారింట్లో మంచిగుంది. కొడుకు ట్రాక్టరు నేర్చాడు. బోరంచ జాతరకు పోయి మొక్కు చెల్లించానంది. "నీ తమ్ముడు మాత్రం అట్లనె ఉన్నడు. బుద్ధి రాలే."

"వాని సంగతి ఇడువు" అన్నాను. ఆమె నవ్వింది. ఇనుము లోపల ఆ నవ్వు చిన్నపిల్ల నవ్వులా మోగింది.

"సల్లబెట్టిన పొయ్యిని" అంది ఆఖరికి. "చెయ్యి పెట్టి సూసిన. యాడ గూడ వేడి లేదు. నీ డ్యూటీ అయిపోయింది. ఇగ దిగయ్యా."

చిన్నప్పటినుంచి అన్న గొంతుతో ఎన్ని తలుపులు తట్టానో! ఆ ఒక్కమాట అనడానికి మాత్రం నాలుక లేవలేదు. అది ఆయన చెప్పాల్సిన మాట. కాని అవతల ఒక మనిషి బూడిదలో కూర్చుని ఎదురుచూస్తోంది.

"దిగుతున్న" అన్నాను.

నీళ్ళు చిలకరించిన చప్పుడు. తర్వాత ఒక ఇటుక మరో ఇటుకను రాసుకుంటూ కదిలిన చప్పుడు. మొదటిది ఆమె చేతితోనే కదిలింది.

బయటికి వచ్చినప్పుడు ఆమె మోకాళ్ళదాకా బూడిద. మున్షీ దండం పెట్టాడు. చాచా మంట మళ్ళీ ముట్టించుకోవడానికి అటు తిరిగి చాలాసేపు అగ్గిపుల్లలు గీశాడు. వదిన నా పక్కనుంచి పోతూ ఆగకుండానే అంది: "దగ్గు మంచిగొచ్చింది."

ఆ తర్వాత ఎన్నడూ ఆమె ఆ సంగతి ఎత్తలేదు. మీ అన్న డ్యూటీ దిగలేదన్న మాట కూడా మళ్ళీ ఆమె నోట నేను వినలేదు.

కొన్నాళ్ళకు పొగగొట్టం వంతు వచ్చింది. అడుగున ఒక పక్క ఇటుకలు తీసి, పైన ఇనుప తాడు కట్టి, దూరంనుంచి లాగుతున్నారు. మమ్మల్ని అందర్నీ దూరంగా, అడ్డంగా కట్టిన ఇంకో తాడు అవతల నిలబెట్టారు. అది వెంటనే పడలేదు. కాస్త ఆలోచించినట్టు ఆగి, మెల్లగా వంగి, మధ్యలో విరిగి కూర్చుండిపోయింది. కూలీలు కేకలు వేశారు. నేల కాళ్ళకింద కదిలింది. వెనకనే దుమ్ము గోడలా లేచి మా మీదికి వచ్చింది. అందరూ తలో దిక్కు ఉరికారు. నేను మాత్రం అట్లాగే చూస్తూ నిలబడ్డాను.

వదిన ఎటునుంచి వచ్చిందో, నా మెడ పట్టి వంచి కూర్చోబెట్టింది. తన కొంగు నా నెత్తిమీదుగా లాగి ఇద్దర్నీ కప్పింది. మీసాలు నెరుస్తున్న నన్ను, పసివాణ్ణి కప్పినట్టు. లోపల చీకటి, జొన్నపిండి వాసన. ఇద్దరం దగ్గుతున్నాం, దగ్గుతూ నవ్వుతున్నాం. కొంగు మీద దుమ్ము సన్న వానలా రాలుతున్న చప్పుడు. అది ఆగేదాకా ఆమె చెయ్యి నా తలమీదనే ఉంది.