అన్నం దగ్గర చెప్పిన పాఠం

పదో తరగతితోనే ఆగిపోయాను. అబిడ్స్‌లో జిరాక్స్ షాపు పని ముగిశాక, నాంపల్లిలో ఇంటికి పోయే ముందు గంటసేపు గ్రంథాలయంలో కూర్చుంటాను. ఇరవై ఏళ్లుగా అదే నా కాలేజీ. చదివింది ఎవరికైనా చెబితే తప్ప నాకు తోచదు.

ఒకే ఇంట్లో ఉండే మా తమ్ముడికి ఇద్దరూ ఆడపిల్లలే. ఒకరోజు అన్నాల దగ్గర అమ్మ మరదలిని అదే మాటతో సాధిస్తుంటే ఊరుకోలేకపోయాను. ఆడో మగో తేలేది తండ్రి కణంతోనని పిల్లల ముందే చెప్పాను. అమ్మ నోరు మూతపడింది. అక్కడితో ఆపాల్సింది. మగపిల్లాడే కావాలంటే ఆ కణాలను ముందే వేరుచేసే పద్ధతి ఉందని కూడా, గొప్ప కోసం, చెప్పాను. తమ్ముడు మొదటి మాట వదిలేసి రెండోది పట్టుకున్నాడు.

వారం తిరగకుండా నన్ను వెంటబెట్టుకుని అబిడ్స్‌లోనే ఒక క్లినిక్‌కు పోయాడు. డాక్టరమ్మ గోడ మీది బోర్డు చూపించింది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడమే కాదు, కడుపు రాకముందు ఎంచుకోవడమూ నేరమేనంది. కోపంగా కూడా అనలేదు. ఆ పూటకు ఎన్నోసారి చెబుతోందో.

బయట తమ్ముడు బండి తీస్తూ, "ఏ దేశంల చేస్తరో జర చూడక్కా. సదువుకున్నదానివి" అన్నాడు. తప్పురా అన్నాను.

"ఇంక కడుపే రాలె. ఎవర్ని సంపుతున్న నేను?"

ఈసారి పుస్తకాల మాట ఎత్తలేదు. "ఇంట్ల ఇద్దరున్నరు. వాళ్లకు చెవులున్నయి" అన్నాను. వాడు బండి స్టార్ట్ చేశాడు.

రెండో కాన్పులో మరదలు చావు తప్పి బయటపడింది. ఆ రాత్రంతా దవాఖానలో నేనే ఉన్నాను. అయినా పద్ధతి గురించి చెప్పేటప్పుడు అది గుర్తు రాలేదు.

"నన్ను ఒక్కరన్న అడిగిన్రా, వదినె?" అంది మరదలు ఒకరోజు గిన్నెలు తోముతూ. ఆమె అడిగింది ఒకటే: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు మొగుడి సంతకం కావాలా?

రెండు సాయంత్రాలు కూర్చుని నియమాలు చదివాను. అక్కర్లేదు, ఆమె సంతకం చాలు. ఇద్దరం దవాఖానకు పోయాం. వచ్చే వారానికి తారీఖు ఇచ్చారు.

"ఆయనకు నేనే చెప్త. నువ్వు మాత్రం అన్నం కాడ చెప్పకు" అంది దారిలో.

ఆ పూట వడ్డిస్తూ అమ్మ, ఇవాళేం చదివినవ్ అని అడిగింది. పిల్లలిద్దరూ నా వైపు చూశారు.

ఏం చదవలేదన్నాను.