కాగితపు ముక్కులు

ఆ ముక్కులు చేసింది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే నాకు సుఖం. కెనడాలో, రెజైనాలో మా తెలుగు క్రైస్తవ సంఘం ఏటా గుడ్ ఫ్రైడేకి పిల్లలతో యేసుప్రభువు సిలువ నాటిక వేయిస్తుంది. పాత పేపర్లు నానబెట్టి, ఉడికించిన మైదా కలిపి, అందులో యేసు మీద నేరం మోపే యూదుల ప్రధాన యాజకుడికీ అతని పక్కవాళ్లకీ వంకర ముక్కులు చేసేదాన్ని. పదకొండేళ్లు చేశాను. గెడ్డాలు షాపులో కొన్నా ముక్కులు మాత్రం నా చేతివే కావాలని అందరూ అంటుంటే పొంగిపోయేదాన్ని కూడా.

కిందటి చలికాలం యూనివర్సిటీలో ఒక సాయంత్రం క్లాసులో చేరాను. నాలుగైదు వందల ఏళ్ల కిందట యూరప్‌లో క్రైస్తవ పండితులు యూదుల గురించి ఏమనుకున్నారన్నది పాఠం. చెప్పేది ఒక పెద్దావిడ, ఆవిడా యూదురాలే. లేఖనాలను మూలభాషలో చదవాలని ఆ పండితులకు తెగ ఉబలాటం. హీబ్రూ చెప్పగలిగింది యూదులే కాబట్టి వాళ్ల దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకున్నారు. తీరా నేర్చుకున్నాక, వీళ్ల లేఖనాలు వీళ్లకే అర్థం కాలేదు, వీళ్లు గుడ్డివాళ్లు అని పుస్తకాలు రాశారు. చదువు చెప్పినవాళ్లకు దక్కిన గురుదక్షిణ అది! నాకు ఒళ్లు మండింది.

తర్వాత ఆవిడ తెర మీద పాత అచ్చుబొమ్మలు చూపించారు. వాటిలో యూదుల మొహాల మీద ఉన్నది నా ముక్కే. అదే వంపు. మా ఊళ్లో చిన్నప్పుడు సండే స్కూలు గోడకి వేలాడదీసిన రంగుల పటాల్లో యాజకులకి ఆ ముక్కే ఉండేది. అవి ఎప్పుడో మిషనరీ దొరలు తెచ్చిన పటాలు. లేఖనాల్లోనే అలా ఉందనుకుని పెరిగాను. ఇంటికొచ్చి బైబిల్లో వెతికితే ఎక్కడా ముక్కు ఊసే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

రిహార్సల్‌కి ఖాళీ చేతులతో వెళ్లాను.

“ముక్కులేవమ్మా?” అన్నారు పాస్టరయ్యగారు.

క్లాసులో చూసిందంతా చెప్పాను. ఆయన మంచివారే, ఓపిగ్గా విన్నారు.

“మనకెవరిమీదా ద్వేషం లేదు కదమ్మా. పిల్లల స్కిట్. ముక్కు లేకపోతే విలన్ ఎవరో జనానికెలా తెలుస్తుంది?”

“అయితే అందరికీ పెడదామండి. మరియమ్మ యూదురాలే, పేతురు యూదుడే. ముందు యేసుప్రభువు వేషం వేసే పిల్లాడితో మొదలుపెడతా. రేపటికల్లా చేసిస్తా.”

ఆయన మొహం ఎర్రబడింది. “స్కిట్ ఇంకొకరు చూసుకుంటారు. ముక్కులు తెచ్చిచ్చి సారీ చెప్పేదాకా సండే స్కూలు నుంచి కూడా బ్రేక్ తీసుకోండి, సిస్టర్.” అప్పటిదాకా అమ్మా అని పిలిచిన మనిషి!

నాకు పిల్లల్లేరు. ఈ చలిదేశంలో ఆంటీ అంటూ నన్ను చుట్టుకునేది నేను పాఠం చెప్పే సండే స్కూలు పిల్లలే. ఒక్క సారీతో వాళ్లు మళ్లీ నావాళ్లవుతారు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడ్చి, బేస్‌మెంట్‌లో ఉన్న ముక్కుల డబ్బాని బకెట్ నీళ్లలో బోర్లించాను.

రెండ్రోజులకి, స్కిట్ బాధ్యత కొత్తగా తీసుకున్న కుర్ర ఇంజనీరు ఫోన్ చేశాడు.

“ఆంటీ, ఆ నోసెస్ బాక్స్ పికప్ చేసుకోవచ్చా?”

“నానిపోయాయి నాన్నా. కావాలంటే ముద్ద ఇస్తా, పట్టుకెళ్లు.”

గుడ్ ఫ్రైడే రోజు పనిగట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. ప్రధాన యాజకుడి వేషం నా క్లాసులో పెరిగిన పన్నెండేళ్ల పిల్లది. తలపాగా చుట్టుకుని, ఉత్త మొహంతో వచ్చి నిలబడింది.

“ఆ దుర్మార్గుడు ఎవరో పోల్చుకోలేకపోతున్నామే,” అని వెనకాల ఒకావిడ గొణిగింది.

నేను వెనక్కి తిరిగి, హాలంతా వినబడేలా చెప్పాను. “మన పిల్లేనండి.”