చివరి భాగం చూసిన పిల్ల

మా చిన్నప్పుడు టీవీలు లేవు... అందుకని మా మనవరాలి చిన్నతనంలో నేనూ కొంత వాటా తీసుకున్నాను.

2003. సూర్యాపేటలో మా ఇల్లు. ఆదివారం పొద్దున పది కాగానే మనవరాలు శ్రావణి, నేను టీవీ ముందు చాప వేసుకుని కూర్చునేవాళ్లం. పాత ఇంగ్లిషు సీరియల్... తెలుగులో మాటలు కలిపి వేసేవారు. ఒక అంతరిక్ష నౌక దారి తప్పి, భూమికి తిరిగి రావడానికి తిప్పలు పడుతుంటుంది. దాన్ని నడిపే ఆవిడను పిల్లలు కెప్టెనమ్మ అనేవారు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. ఊరికే చూడనిస్తానా... ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ వారం ఏం జరిగింది, ఏ గ్రహం పేరు వచ్చింది, మాకొచ్చిన సందేహమేమిటి... అన్నీ రాయాల్సిందే. వేరే నక్షత్రం దగ్గర ఒక రోజు ఎన్ని గంటలుంటుందో తెలియక శ్రావణి కన్నా నేనే ఎక్కువ సతమతమయ్యాను.

మునగాలలో ఉండే మా తమ్ముడి మనవరాలు రజితకూ అదే పిచ్చి. సెలవులకు మా ఇంటికొస్తే ఆ ఇద్దరికీ కెప్టెనమ్మ తప్ప వేరే మాట ఉండేది కాదు.

ఏడాది పొడుగునా చూశాం. సరిగ్గా యాభై రెండో భాగం... ఆఖరిది... మొదలైన పావుగంటకు కరెంటు పోయింది. మధ్యాహ్నం దాకా రాలేదు.

శ్రావణి ఏడుపు చూడలేక మిర్యాలగూడలోని మా చెల్లెలికి ఫోన్ చేశాను. వాళ్లకు కరెంటుంది. నౌక భూమి మీద దిగింది, అందరూ సుఖంగా ఇళ్లకు పోయారు అని చెప్పింది. అదే రాసుకున్నాను.

మరుసటి వారం రజిత వచ్చి, కాదు, నేను చూశానంది. నౌక దిగిందట... అందరినీ దింపి, కెప్టెనమ్మ మాత్రం తలుపు మూసుకుని మళ్లీ ఆకాశంలోకి పోయిందట.

మునగాలలోనూ ఆ పూట కరెంటు లేదని తమ్ముడు అంతకుముందే చెప్పాడు. మరి ఎక్కడ చూశావే అని అడిగాను. మూడుసార్లు అడిగాను. తల దించుకుని నిలబడింది.

"చూడనిది చూసిన్నని చెప్పే పిల్లలకు నా ఇంట్ల చోటు లేదు."

పదిమంది ముందు అన్నాను. పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది. ఇక ఏ సెలవులకూ రాలేదు. శ్రావణితోనూ మాటల్లేవు. నేను చేసింది న్యాయమే అనుకున్నాను...

చాలా ఏళ్లకు, ఆ సీరియల్ మొత్తం డిస్కులుగా వస్తోందని పేపర్లో చిన్న వార్త పడింది. అప్పటినుంచి ఎదురుచూపే. దసరాకన్నారు, ఉగాదికన్నారు... రాలేదు. సూర్యాపేట షాపులో అడిగి అడిగి విసిగిపోయాను. విజయవాడ సరుకు కోదాడకు ముందొస్తుందని ఎవరో అంటే, ఒకరోజు కోదాడ వెళ్లాను.

బస్టాండు ఎదుట సీడీల షాపతను నవ్వాడు.

"దీని కోసం అడిగేవాళ్లు మీతో ఇద్దరండి. ఒకమ్మాయి రెండేళ్ల నుంచి తిరుగుతోంది. సెట్టు మొత్తం వద్దంట. ఆఖరి డిస్కు ఒక్కటే విడిగా ఇస్తారా అంటది."

ఏ ఊరమ్మాయని అడిగాను. మునగాల... ఇక్కడే డిగ్రీ చదువుతోందన్నాడు.

తిరుగు బస్సులో కూర్చుంటే నా మీద నాకే విసుగొచ్చింది. అబద్ధం చెప్పిన పిల్ల, ఆ అబద్ధం బయటపెట్టే డిస్కు కోసం రెండేళ్లు తిరుగుతుందా? ఇంత చిన్న తర్కం తట్టడానికి నాకు ఏడేళ్లు పట్టింది. సూర్యాపేటకు తీసుకున్న టికెట్టుతో మునగాలలోనే దిగిపోయాను.

రజిత వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి మంచినీళ్లు తెచ్చిచ్చి, దూరంగా నిలబడింది.

"డిస్కు ఇంకా రాలేదే. రాకముందే చెప్తున్న... నువ్వు చూసినవ్. తప్పు నాది."

రజిత ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "హైవే మీద ధాబాల చూసిన అమ్మమ్మా. ఆడ జనరేటర్ ఉండె. లారీ డ్రైవర్ల పక్కన నిలబడ్డ. గది చెప్తే ఇంకింత తిడ్తవని చెప్పలె."

నిజమే. చెప్పి ఉంటే ఆ రోజు చేయి చేసుకునేదాన్నేమో... ఆడపిల్లవు ధాబాకెందుకు పోయావని.

మరి ఆ ఆఖరి డిస్కు ఎందుకే, నాకు చూపించడానికా అన్నాను.

"నీకు కాదు. నాకే. మీరందరు లేదు లేదంటుంటే... నిజంగ చూసిన్నా, నేనే అల్లుకున్ననా అని నాకే అనుమానమొచ్చింది."

పక్కనున్న బకెట్లోంచి ఒక చీర తీసి, ఒక కొస తన చేతికిచ్చి రెండో కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఆరేశాం.

డిస్కులు మరుసటేడు వచ్చాయి. శ్రావణి, రజిత, నేను అదే చాప మీద కూర్చుని చూశాం. కెప్టెనమ్మ అందరినీ దింపి, తలుపు మూసుకుంది. మా చెల్లెల్ని నిలదీస్తే, అప్పుడు పప్పులో పోపు వేయడానికి లేచి ఉంటానక్కా అంది. శ్రావణి పగలబడి నవ్వింది... రజిత మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు.

ఇప్పుడు ఏ సందేహమొచ్చినా ఫోన్లో నొక్కితే క్షణంలో తేలిపోతోంది. ఏళ్ల తరబడి ఎదురుచూడనక్కర్లేదు... ఋజువు లేకుండా ఒక పిల్ల మాట నమ్మాల్సిన అవసరమూ రావడం లేదు. ఆ రెండోది పోవడమే నాకు వెలితిగా ఉంది.

మీ చిన్నప్పుడు మీరు నిజం చెప్పినా పెద్దవాళ్లు నమ్మని సంగతి ఏదైనా ఉందా? రాయండి... నేను ఎక్కడ చూశావని అడగను.