బొట్టు పెట్టిన బహుమతి

కెలమంగలం బస్‌స్టాపులో జయరామప్ప తలరుమాలు సవరించుకొని తన గొప్పలు మొదలుపెట్టాడంటే వరస తప్పదు: ఊరి బడిలో అయిదో తరగతి ఫస్టు, రాతినేలలో నీళ్లు పడేదాకా వదలని బావి, ఆపైన క్రైస్తవ మిషన్ కాలేజీలో చదువుతున్న కూతురు మంజుల. 1962లో ఒక సంతరోజున, సెలవులైపోయిన కూతురిని బస్సెక్కించడానికి వస్తూ, ఆమె గెలిచిన బహుమతి పుస్తకాన్ని తానే చంకలో పెట్టుకున్నాడు. ఇంగ్లీషు రాకపోయినా, పొద్దున్నే దాన్ని దేవుడి ముందు పెట్టి, అట్ట మీద ఉంగరపు వేలితో కుంకుమ బొట్టు పెట్టాడు.

"కాలేజీకంతా ఫస్టొచ్చింది మా పాప, చూడప్పా!"

కండక్టరు అంజినప్ప పుస్తకం తెరిచి చదివి పకపక నవ్వాడు. "బైబిలు క్లాసులో ఫస్టని రాసుండారు కదప్పా! బిడ్డను పాదిరమ్మను చేస్తా ఉండావా?"

స్టాపంతా గొల్లుమంది. ఆ కాలేజీలో ఏ కులం పిల్లలకైనా ఆ క్లాసు తప్పదని జయరామప్పకు తెలుసు. ఆ ఒక్క మాట చెప్పకుండా పుస్తకం వెనక్కి లాక్కున్నాడు.

"ఇది మా మంజులది కాదప్పా. యాడో మారిపోయి వచ్చింది."

పక్కనే ట్రంకుపెట్టెతో నిలబడిన మంజుల తండ్రి ముఖంలోకి ఒకసారి చూసింది.

"అవునన్నా, నాది కాదు. పోయి ఇచ్చేస్తా," అని కండక్టరుతో అంటూ తండ్రి చేతిలోని పుస్తకం అందుకొని, బొట్టు కనబడకుండా అరచెయ్యి కప్పి బస్సెక్కింది.

బస్సు కదిలాక జయరామప్ప వేలు చూసుకున్నాడు. కుంకుమ ఇంకా పోలేదు.