ఒకే పేరు మీద రెండు కొటేషన్లు

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాది మాట. శేరిలింగంపల్లి మండలంలోని ఒక ప్రభుత్వ దవాఖాన ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. చుట్టూ ఐటీ కంపెనీల అద్దాల మేడలు. మా దగ్గరికి వచ్చేది మాత్రం ఆ మేడలు కట్టేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు. ఓపీ ముందున్న ఇనుప బెంచీలు తుప్పు పట్టి ఒక్కొక్కటే విరిగిపోయాయి. నెలలు నిండినవాళ్ళు కూడా నేల మీదే కూర్చుంటున్నారు. కొత్త బెంచీలు పన్నెండు కొనమని సూపరింటెండెంట్ గారు నాకు చెప్పారు.

ఇలాంటి చిన్న కొనుగోళ్ళకి టెండరు ఉండదు. కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్లు, అంటే ధర రాసిన కాగితాలు, అంటించిన కవర్లలో తీసుకోవాలి. అందరి ధరలూ ఒక పట్టికలో పక్కపక్కన వేసి, తక్కువ చెప్పినవాళ్ళకి పని ఇవ్వాలి. ఆ పట్టికనే కంపారిటివ్ స్టేట్‌మెంట్ అంటాం. రూలు అది. జరిగేది వేరు. తెలిసిన దుకాణదారుకి ఫోన్ చేసి “మూడు పట్టుకొచ్చేయండి” అంటాం. ఆయన తన కొటేషనుతో పాటు, ఎక్కువ ధర వేయించిన మరో ఇద్దరివి తెస్తాడు. వాటికి సపోర్టింగ్ కొటేషన్లని పేరు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేనూ అలాగే చేశాను. ఆడిట్ వాళ్ళకి ఫైల్లో మూడు కాగితాలు కనిపిస్తే చాలు.

బెంచీలకీ అంతే. ఫర్నిచర్ దుకాణం ప్రసాద్ గారికి ఫోన్ చేశాను, ఆయన మూడు కవర్లు తెచ్చి నా బల్ల మీద పెట్టి, టీ తాగి వెళ్ళాడు. ఆ వారంలోనే దవాఖాన గేటు అతకడానికి యాదయ్య అనే వెల్డరు వచ్చాడు. నల్లగండ్లలో అపార్ట్‌మెంట్లకి గ్రిల్స్ చేసే చిన్న షాపు అతనిది. విరిగిన బెంచీలు చూసి సూపరింటెండెంట్ గారితో “నేను చేస్త సార్” అన్నాడట. ఆయన కవరు ఇమ్మన్నారు, ఇచ్చాడు.

నాలుగు కవర్లు విప్పేసరికి నా ఖర్మ కాలింది. అందులో రెండు యాదయ్య షాపువే. అదే లెటర్‌హెడ్, అదే ముద్ర, అదే సంతకం. ఒకదాంట్లో అందరికన్నా తక్కువ ధర, రెండోదాంట్లో అందరికన్నా ఎక్కువ. సూపరింటెండెంట్ గారు ముఖం ఎర్రగా చేసుకుని, రెండూ రిజెక్ట్ చేయమన్నారు. ఆఫీసుని మోసగించినందుకు ఆ షాపుని బ్లాక్‌లిస్టులో పెట్టాలని లెటర్ టైపు చేయమన్నారు. ఆ లెటర్ జిల్లాలో ప్రతి ఆఫీసుకీ పోతుంది. ఇక ఆ మనిషికి ప్రభుత్వ పని ఎక్కడా దొరకదు.

సంగతి తెలిసి మర్నాడు పొద్దున్నే యాదయ్య నా బల్ల ముందు నిలబడ్డాడు.

“మేడం, నేనిచ్చింది ఒక్కటే.”

రెండు కాగితాలూ అతని ముందు పడేశాను. “ఈ సంతకం ఎవరిది?”

“నాదే.”

“ముద్ర?”

“అది గూడ నాదే.”

“మరి రెండోది దెయ్యం తెచ్చిందా?”

అతను ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, నెమ్మదిగా చెప్పాడు. “షాపు పెట్టిన కొత్తల ప్రసాద్ సార్ రెండు గేట్ల పని ఇప్పించిండు. ఒక ఇరవై లెటర్‌హెడ్ల మీద ముద్రేసి సంతకం పెట్టియ్యి, పనులొచ్చినప్పుడు అక్కెరకొస్తయన్నడు. ఇచ్చిన.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టి ఎవడైనా ఇస్తాడా? బుద్ధుండొద్దూ? ఇప్పుడు నన్నేం చేయమంటావు?”

“తప్పే మేడం. పని ఇప్పించినోడు అడిగితే కాదంటమా? ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకుండ్రి. గా కవరు మీ చేతికి ఎవరిచ్చిండ్రో మీకు తెల్వదా?”

తెలియకపోవడమేమిటి! ప్రసాద్ గారి చేతిలోంచి తీసుకున్నది నేనే. రేపు రమ్మని పంపేశాను.

ప్రసాద్ గారికి ఫోన్ చేసి దులిపేశాను. ఆయన చల్లగా అన్నాడు. “మీకు తెలియనిదేముందండీ? అందరూ చేసేదేగా. వాడు పోటీకొస్తాడని నేనేమైనా కలగన్నానా? బ్లాక్‌లిస్టు పడనివ్వండి, మనకేం నష్టం?” ఆ ‘మనకేం’ అన్న మాట నాకు చెప్పలేనంత చీదర పుట్టించింది. ఆయన నన్ను తనతో కలిపేసుకున్నాడు. తప్పు ఆయనది కాదు, ఇన్నేళ్ళూ నేను కలిసే ఉన్నాను.

పాత ఫైళ్ళు బీరువాలోంచి తీయించాను. కుర్చీలకి, ర్యాకులకి, మందుల అల్మారాలకి, మొత్తం ఏడు కొనుగోళ్ళలో యాదయ్య షాపు పేరుంది. ఏడుసార్లూ ధర ఎక్కువని రిజెక్ట్ అయింది. ప్రతి పట్టికలో ఆ మాట రాసింది నా చెయ్యే. మర్నాడు అతనికి చూపించాను. అతను వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకున్నాడు.

“ర్యాకులు గూడ కొన్నరా మేడం? గా నెల నా షాపుల పని లేక కిరాయి కట్టలేకపోయిన” అన్నాడు.

అప్పటికప్పుడు నేనేదో ధైర్యం చేశానని గొప్పలు చెప్పుకోను. బ్లాక్‌లిస్టు లెటర్ టైపు చేయకుండా రెండు రోజులు నానబెట్టాను, ఎవరైనా మర్చిపోతారేమోనని. సూపరింటెండెంట్ గారు మర్చిపోయే రకం కాదు. మూడో రోజు గట్టిగా అడిగారు. లెటర్‌కి బదులు ఒక నోటు రాసి ముందు పెట్టాను. నాలుగింటిలో మూడు కవర్లు ఒకే వ్యక్తి నాకు ఇచ్చారనీ, తెలిసే తీసుకున్నాననీ, రెండో కొటేషన్ సంగతి యాదయ్యకి తెలియదనీ రాశాను.

ఆయన రెండుసార్లు చదివారు. “ఇది ఫైల్లో పెడితే మెమో మీకొస్తుందమ్మా.”

“రానివ్వండి సార్. ఆ లెటర్ మాత్రం పంపకండి.”

మెమో వచ్చింది. సంజాయిషీ రాసుకున్నాను, చీవాట్లు తిన్నాను. యాదయ్య పేరు బ్లాక్‌లిస్టుకి ఎక్కలేదు. మిగిలిన ఖాళీ లెటర్‌హెడ్లు అతను ప్రసాద్ గారి దుకాణానికి వెళ్ళి, గంటసేపు కూర్చుని మరీ వెనక్కి తెచ్చుకున్నాడు. బెంచీలకి మళ్ళీ కొటేషన్లు పిలిచాం. ఈసారి నోటీసు బోర్డు మీద పెట్టి, ఎవరి కవరు వాళ్ళే వచ్చి డబ్బాలో వేయాలన్నాం. మా స్టాఫు నన్ను తిట్టుకున్నారు. ఉన్న పనికి తోడు ఇదొకటా అని.

ఐదు కవర్లు వచ్చాయి. అందరి ముందే విప్పి పట్టిక వేశాం. పని తెల్లాపూర్ వర్క్‌షాపు ఒకదానికి పోయింది. యాదయ్య రెండోవాడు, కొద్దిలో తప్పిపోయింది. ఇంత చేసీ ఇతనికి ఒరిగిందేమిటి, ఇప్పుడు మళ్ళీ నా మీద పడతాడు కాబోలు అనుకున్నాను.

అతను పట్టిక పైనుంచి కిందిదాకా చదివి, పక్కనున్న పెన్ను తీసుకుని, కవరు వేసినవాళ్ళు పెట్టాల్సిన చోట సంతకం పెట్టాడు.

“ఇన్నేండ్లు నేను ఓడిపోతున్నట్టు నాకే తెల్వదు మేడం. ఈసారి నా రేటు నేనే ఏసిన, నేనే ఓడిపోయిన. దీనికి నాకు పరేషాన్ లేదు” అన్నాడు. “పైపు కొంటున్న కాడనే నాకు రేటెక్కువ పడుతున్నది. గా సంగతి చూసుకోవాలె.”

ఫైల్లో మూడు కాగితాలు సరిగ్గా ఉంటే నా పని సరిగ్గా ఉన్నట్టేనని ఇరవై రెండేళ్ళు నమ్మాను. కాదని యాదయ్య కేసుతో తెలిసింది. ఇప్పుడు పట్టికలో ఎవరి పేరు ఎదురుగా రిజెక్ట్ అని రాసినా, ఆ మనిషికి నేనే ఫోన్ చేసి, ఎందుకో చెబుతాను. కొందరు తిడతారు. పడతాను.