పింజర ఈనిన రోజు

మా పెద్దమ్మ పోయిందని హొళగుంద నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరులో మగ్గం ముందర ఉన్నాను. జ్వరమని ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయారట, తిరిగి రాలేదు. ఆమెకు పిల్లలు లేరు. దగ్గరిదాన్ని అని చెప్పుకోవడానికి, చెల్లెలి కూతుర్ని, నేనొక్కదాన్నే.

పెద్దనాయన రక్తపింజర కరిచి పోయినాడు. దేవరగట్టు దిక్కున, కొండవార వాళ్లకు మెట్టచేను ఉంది. అక్కడ కట్టెలకు వంగినప్పుడు కాటేసింది. చేను అమ్మెయ్యమని అందరూ చెప్పినారు. పెద్దమ్మ వినలేదు. ఒక్కతే పోయేది, ఒక్కతే వచ్చేది. ఒక్కరికి ఎంత వండుకోవాలో చివరిదాకా ఆమెకు చేతకాలేదు. ఇద్దరికి సరిపోను సంగటి కెలికి, మిగిలింది వీధి కుక్కకు వేసేది.

పాము గురించి ఆమె మాట్లాడే తీరులో కోపమూ లేదు, భక్తీ లేదు.

"నాగుపామైతే పడగెత్తి బెదిరిస్తాది పాపా. ఇది ఎండాకుల్లో ఎండాకు మాదిరి పడుంటాది. మనం దగ్గరికి పోయినా జరగదు. బుస కొడితే కుక్కర్ కూసినట్టుంటాది. పొద్దుగూకినాక ఎలకల కోసం లేస్తాది."

అడుగేసే చోటు చూసుకోవడం నాకు నేర్పింది ఆమే.

ఒక తొలకరికి నేనూ ఆ చేనికి పోయినాను. గట్టున కంప కొడుతున్న కూలోళ్లు ఉన్నట్టుండి కేకలేస్తూ వెనక్కి ఉరికినారు. పొద కింద లావుపాటి పింజర. దాని చుట్టూ అప్పుడే పుట్టిన పిల్లలు, ఒళ్లు తడి ఆరనివి. ఒకాయన కట్టె ఎత్తినాడు. పెద్దమ్మ అడ్డం పోయింది.

"జరుగు వదినా! అన్నను కరిసిన జాతి ఇది!"

"నాకు తెలీదా అప్పా? ఈ పొద్దుకు ఆ కొసన పని జేసుకోండి. ఈడికి ఎవురూ రాకుండా నేను సూసుకుంటా. పిల్లలే గదా అని తాకేరు, పుట్టంగానే వాటికీ ఇసముంటాది."

వాళ్లు గొణుక్కుంటూ పోయినారు. ఎందుకు పెద్దమ్మా అన్నాను.

"ఇది గుడ్లు పెట్టే పాము కాదు. కడుపులో మోసి కంటాది. కని సాకదు. సందేళకు ఎవురి దోవ వాళ్లది. అంత మోసినా దానికీ ఎవురూ ఉండరు."

అన్నట్టే సాయంత్రానికి పిల్లలు ఒక్కొక్కటే గడ్డిలో కలిసిపోయినాయి. చివరికి తల్లి, బరువుగా, కొండ దిక్కు పాకింది. కూలోళ్లు అప్పటికే వెళ్లిపోయినారు. దోవలో నిలబడి నేను పిలిచాను. పెద్దమ్మ మాత్రం కొంగు నడుముకు దోపుకుని, ఏమీ లేని ఆ పొద ముందర, వెలుగు పోయేదాకా నిలబడే ఉంది.