మూతి వంకర బొమ్మ

మొన్న గోడలకు రంగు వేయడానికి వచ్చినతను హాల్లో మేకుకు తగిలించి ఉన్న బొమ్మ ముఖాన్ని దించి, "అమ్మా, దీని మూతి వంకర వోయింది, పారెయ్యమంటరా?" అని అడిగాడు. "పారేస్తవా? అది మా వదిన చెల్లె!" అన్నాను. పాపం, వెంటనే రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు.

వదినంటే మా అన్న భార్య. సిద్దిపేటలో మా గల్లీకి బతుకమ్మ పాటెత్తేది ఆమే. ఆమె గొంతు లేవనిదే మా చప్పట్లు కుదిరేవి కావు. అలాంటి మనిషికి కొన్నేళ్ల కింద ఒక పొద్దున లేచేసరికి మూతి ఒకవైపు లాగేసింది. దవాఖానలో మందులిచ్చి, చాలావరకు సర్దుకుంటుందన్నారు. సర్దుకుంది కూడా. మిగిలిన ఆ కాస్త వంకరను వదిన కొంగు చాటున దాచుకుని గడప దాటడం మానేసింది. పాలవాడితో కూడా తలుపు సందులోంచే మాట. పండుగ దగ్గరికొస్తోంది, పాట సంగతేమిటంటే, "నేను పాడితే పాట గూడ వంకరైతది, పోవే" అనేది. నాకు ఏడుపొచ్చేది.

అప్పుడే చేర్యాల వైపు నుంచి ఒకామె వచ్చి, మా కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకు బొమ్మ ముఖాలు చేయడం నేర్పడం మొదలుపెట్టింది. ఒక్కదాన్నే పోలేనని అబద్ధమాడి వదినను లాక్కెళ్లాను. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి ముద్ద చేసి ముక్కూ మూతీ దిద్దాలి. తలవంచుకుని చేసే పని కాబట్టి వదినకు నచ్చింది. చేతులు రెండూ ముద్దలో ఉంటే కొంగు సర్దుకోవడం కుదరదని మాత్రం ఆలస్యంగా తెలుసుకుంది. నా బొమ్మ అచ్చం మా అత్తగారిలా వచ్చింది, ఆ గొడవ ఇప్పుడెందుకు.

నీడలోనే ఆరబెట్టమని చెప్పి నేర్పే ఆమె భోజనానికి వెళ్లింది. ఏటా వడియాలు పెట్టిన చేతులు ఊరుకుంటాయా? అన్నిటినీ డాబా మీద ఎండలో పరిచేశాం. సాయంత్రానికి కొన్ని పగిలాయి, కొన్ని వంగాయి. వదిన బొమ్మకైతే మూతి ఒకవైపు లాగేసింది. అందరం వదిన వైపే చూశాం. వదిన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఇక ఈ జన్మలో బయటికి రాదనుకున్నాను. ఆమె దాన్ని తన చెంప పక్కన ఆనించుకుని, "గట్ల చూస్తరేందే? నాకు చెల్లె పుట్టింది!" అంది. ముందు తనే నవ్వింది. కొంగు జారింది, మళ్లీ ఎత్తుకోలేదు.

నేర్పే ఆమె జిగురు పెట్టి సరిచేస్తానంటే, "వద్దక్కా, గట్లనే ఉండనియ్. వంకరున్నా నవ్వుతనే ఉన్నది గద" అని ఎర్ర ముఖం, పెద్ద కళ్లు, రూపాయంత బొట్టు తనే దిద్ది, మా హాల్లో పెట్టుకోమని నాకిచ్చింది.

బతుకమ్మ నాడు కోమటిచెరువు దగ్గర వదిన కొంగు నడుముకు దోపి పాటెత్తింది. ఒకటి రెండు మాటలు పక్కకు జారాయి. మా చప్పట్లు మాత్రం తప్పలేదు.

రంగులతను వెళ్లాక బొమ్మను తుడిచి మళ్లీ మేకుకు తగిలించాను. సాయంత్రం వదిన వచ్చి చాయ్ తాగి, గల్లీ కబుర్లన్నీ చెప్పి, నవ్వించి వెళ్లింది. ఆమె మూతి పూర్తిగా చక్కబడిందో లేదో ఈసారైనా చూడాలనుకున్నాను. ఇన్నేళ్లుగా మరచిపోతున్నట్టే, మొన్నా మరచిపోయాను.